పురుడూ చావూ లేని ఇల్లు

"ఇక్కడ ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు." జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో ఇంటి తాళాలిస్తూ మా గ్రీకు ఓనరు పెట్టిన మొదటి షరతు అది. చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో తర్వాత చెప్పాడు.

ఆయన తండ్రి డెలోస్ అనే చిన్న దీవిలో శిథిలాలకు కాపలాదారు. అపోలో దేవుడు పుట్టిన చోటని పూర్వం అక్కడ పురుడూ చావూ నిషేధించారట. నెలలు నిండినవాళ్ళనీ, కొన ఊపిరితో ఉన్నవాళ్ళనీ పడవెక్కించి ఎదుటి దీవికి పంపేసేవారట. తనను కూడా అమ్మ పక్క దీవికి వెళ్ళే కని తెచ్చిందని గర్వంగా చెప్పేవాడు. నేనేమీ ఆశ్చర్యపోలేదు. హైదరాబాదులో మా పాత ఓనరమ్మ గ్రీసు చూడకుండానే ఇదే రూలు పెట్టింది.

కరోనా వచ్చాక మెట్లమీద ఎవరు దగ్గినా ఆయన గాల్లో చేత్తో పడవ తెడ్డు వేసి వీధివైపు చూపేవాడు.

రెండో లాక్‌డౌన్‌లో ఆయనకే ఊపిరాడలేదు. అంబులెన్సువాళ్ళు స్ట్రెచర్ లోపలికి తెస్తుంటే వద్దన్నాడు. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగి, గేటు దాటాకే దానిమీద పడుకున్నాడు. కిటికీలో ఉన్న నన్ను చూసి ఒక్కసారి తెడ్డు వేశాడు.

వారం తర్వాత ఆస్పత్రిలో పోయాడు. విషయం చెప్పగానే ఫోన్‌లో అమ్మ కంగారుపడింది.

"ఏ నక్షత్రంల పోయిండు బిడ్డా? ఇల్లు మూసెయ్యాల్నేమో!"

"అక్కర్లేదమ్మా. గేటు దాటేదాంక ఆయన పండుకోలే."