జామపళ్ళ జిన్నులో రెండు బిళ్ళలు

అమ్మగారి వంటింటి అరలో ఎన్ని సీసాలున్నా నాకు గుర్తుండేవి వాటి మెడకు కట్టిన దారాలే. ఆవిడింట్లో వంట నాది. చదువంటే నాకు సంతకం వరకే వచ్చు. ఆవిడ కాగితం మీద పేరు రాసి అంటించేవారు. నేను నేరేడుకి నల్ల దారం, నిమ్మతొక్కకి పచ్చ దారం కట్టుకునేదాన్ని. ఎర్ర దారం సీసా నాది. నేను చెప్పబోయే భయమంతా ఆ సీసాదే.

అమ్మగారు బందరులో టీచరుగా చేసి రిటైరయ్యారు. మా చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు. క్రిస్మస్ కేకుకి ఎండుద్రాక్ష రమ్ములో నానబెట్టడం మా వాళ్ళలో ఉన్నదే. ఆవిడ అక్కడితో ఆగలేదు. జిన్ను అని నీళ్ళలా ఉండే మందు, అందులో పళ్ళు నానేస్తే రంగూ రుచీ దిగుతాయని ఎవరో చెప్పారట. బందరులో కొంటే ఎవరైనా చూస్తారని, గుడివాడ వెళ్ళినప్పుడు కొని, పేపర్లో చుట్టి సంచి అడుగున పెట్టి తెచ్చేవారు. పళ్ళు కడిగి తుడవడం, రోజూ సీసాలు కుదపడం, మూడు వారాలయ్యాక పలచటి గుడ్డలో వడగట్టడం నా పని.

నాకు ఆ వాసనంటేనే వణుకు. మా ఆయన గిలకలదిండిలో బోటు పనికి వెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం ఏదో తాగొచ్చి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు గారు "ఏం తాగాడు? అందులో ఏం కలిపారు?" అని అడుగుతూనే ఉన్నారు. కూడా వచ్చిన బోటు వాళ్ళిద్దరికీ తెలుసు. పోలీసులకి భయపడి నోరు విప్పలేదు. పొద్దుగూకేసరికి ఆయన పోయాడు.

అయినా పని పనే. అమ్మగారికి ఒట్టి పండుతో తృప్తి ఉండేది కాదు. నేరేడులో శొంఠి వేశారు, బాగుందన్నారు. నిమ్మతొక్కలో ఏలక్కాయ వేశారు, అదీ కుదిరింది. ఒకసారి కరివేపాకు వేశారు.

"ఎలా ఉందండీ?"

"చారు తాగినట్టుంది. పారబొయ్యి."

"తాలింపు కూడా పెట్టాల్సిందండీ."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ ఊపులో ఆవిడ, "ఎప్పుడూ నేను చెప్పిందేనా? ఈసారి ఒక సీసా నీది. నీకు తోచింది వేసి చూడు" అన్నారు.

నీకు తోచింది చెయ్యమని నాతో అన్న మనిషి అంతకుముందు లేడు.

దివిసీమ నుంచి అమ్మగారి తమ్ముడు తెచ్చిన ఎర్ర జామపళ్ళు కోసి వేశాను. తోడు ఏం వెయ్యాలా అని చూస్తే ఒక రుచి గుర్తొచ్చింది. మా పక్కవాటా అమ్మాయి పెడనలో అద్దకం పనికి వెళ్తుంది, నన్ను పిన్నీ అంటుంది. కొండకి వెళ్ళొచ్చినప్పుడల్లా లడ్డు పెడుతుంది. మా వాళ్ళు ప్రసాదం ముట్టరు. నేను పుచ్చుకుని తలుపేసుకుని తినేదాన్ని. నాలిక మీద చల్లగా తగిలేది ఒకటుంటుంది అందులో. అది కర్పూరమని నా ముక్కు చెప్పింది. ఎవరినైనా అడిగితే, నువ్వెక్కడ తిన్నావంటారు. అడగలేదు. కిరాణా కొట్లో పాకెట్ కొని, రెండు బిళ్ళలు నలిపి వేశాను. సీసా నాలుగుసార్లు కుదిపేసరికి కరిగిపోయాయి. హారతి వెలిగించని ఇంట్లో పుట్టినదాన్ని, తినే కర్పూరం వేరని నాకెలా తెలుస్తుంది?

వడగట్టిన రోజే అమ్మగారి తమ్ముడు వచ్చారు.

"ఈ ఎర్ర దారం ఎవరిదక్కా?"

"మా వంటావిడది. నేనింకా రుచి కూడా చూడలేదురా."

"అయితే బోణీ నాదే" అని సంచిలో వేసుకుని మర్నాడు పొద్దున బస్సెక్కారు. నేను పొంగిపోయాను.

ఆ మధ్యాహ్నమే పక్కవాటా అమ్మాయి మా ఇంటికొచ్చి గూట్లో మిగిలిన పాకెట్ చూసింది.

"మీ ఇంట్లో కర్పూరమేంటి పిన్నీ? దోమలకా?"

"తినడానికే."

దాని మొహం మారిపోయింది. "తినడానికా! ఇది హారతి బిళ్ళ పిన్నీ, కడుపులోకి వెళ్తే విషం. మా ఆడపడుచు కొడుకు చిన్నప్పుడు మింగితే ఫిట్స్ వచ్చి చచ్చి బతికాడు. లడ్డూలో వేసేది పచ్చకర్పూరం, అది వేరు."

కళ్ళ ముందు మా ఆయన కొట్టుకుంటున్నాడు. పాకెట్ పట్టుకుని బయటికి వచ్చాను. కాలవలో పడేస్తే ఎవరికీ తెలియదు, ఆ సీసాలో ఏముందో నాకు తప్ప. నిజం చెబుతున్నాను, గట్టు దాకా వెళ్ళాను. అక్కడ ఆసుపత్రి వరండాలో తల దించుకుని నిలబడ్డ ఆ ఇద్దరూ గుర్తొచ్చారు. ఆటో ఎక్కాను.

అమ్మగారి ముందు పాకెట్ పెట్టి అంతా చెప్పేశాను. లడ్డు సంగతి కూడా. ఆవిడ వెంటనే తమ్ముడికి ఫోన్ చేశారు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మూడోసారి మరదలు ఎత్తింది.

"పడుకున్నారు వదినా. మీరిచ్చింది కాస్త పుచ్చుకుని..."

"లేపు! నీళ్ళు కొట్టయినా లేపు!"

ఫోన్లో మంచం కిర్రుమంది. ఆమె పిలుస్తోంది. ఒకసారి, రెండోసారి. అమ్మగారి చెయ్యి నా చేతిని పట్టుకుంది.

"ఏంటక్కా, కునుకు తియ్యనివ్వవా?" అని తమ్ముడి గొంతు వినపడింది.

"ఎంత తాగావు?"

"తాగడమా! బీరువాలో పాతచీర నమిలినట్టుంది. ఒక గుక్క మింగి మిగతాది ఊసేశా. మీ వంటావిడకి దణ్ణం పెట్టానని చెప్పు."

అమ్మగారు నవ్వలేదు. అందులో ఏం పడిందో, ఎంత పడిందో చెప్పి, సీసా పట్టుకుని అవనిగడ్డ ఆసుపత్రికి వెళ్ళమన్నారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చోబెట్టి, ఏమీ కాలేదని పంపారు. ఆ కబురు వచ్చేదాకా నేను మంచినీళ్ళు ముట్టలేదు.

అమ్మగారు నన్ను మానిపించలేదు. లడ్డు సంగతి చర్చిలో ఎవరికీ చెప్పలేదు. ఎర్ర దారం సీసా ఇప్పటికీ నాదే. కానీ ఎవరు ఏ సీసా పట్టుకెళ్తున్నా గుమ్మంలో ఆపుతాను. నేరేడు, శొంఠి, రెండు మిరియాలు, పటికబెల్లం, ఇంకేమీ లేదు అని పైకి చెబుతాను. నవ్వుతారు, నవ్వనీ. అంతా చెప్పడం అయ్యేదాకా సీసా నా చేతిలోంచి వదలను.