బాలమణి తెప్పించిన పీట

ఆషాఢం మొదట్లో పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఛాతీ వార్డులో హెడ్ నర్సుగా చేరాను. స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి మూడేళ్ల ముందు మాట. నాది పదునైన నోరని అప్పటికే పేరుంది. అబద్ధం కాదు.

ఆ వారంలోనే ఛత్రినాక నుంచి యాదగిరి అనే పాల వ్యాపారిని తెచ్చారు. బర్రె తన్నితే పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుంది. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ నడుమ సన్నని సందు ఉంటుంది. అక్కడి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే కాస్త తక్కువ. ఆ తక్కువే ఊపిరితిత్తిని విప్పి ఉంచుతుంది. ఛాతీ విప్పారితే అది ఇంకా తగ్గి, గాలి లోపలికి వస్తుంది. ఆ సందులోకే గాలి చొరబడడంతో యాదగిరి కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. డాక్టరు పక్కటెముకల మధ్య నుంచి ఆ సందులోకి గొట్టం వేసి, రెండో కొసను సీసాలోని నీళ్లలో ముంచారు. గాలి బుడగలుగా బయటికి పోతుంది. నీళ్లు అడ్డం కాబట్టి తిరిగి లోపలికి రాలేదు. సీసా మాత్రం ఛాతీ కంటే బాగా కింద ఉండాలి. "సీసా నేల మీదనే ఉండాలె, ముట్టొద్దు" అని అతని భార్య బాలమణికి చెప్పి నా పనికి పోయాను.

మధ్యాహ్నం వెళ్లేసరికి సీసా మంచం పక్కనున్న మందుల బీరువా మీద ఉంది, పసుపు బొట్టుతో సహా. గొట్టంలో నీళ్లు ఛాతీ వైపు పోతున్నాయి. గొట్టం మడిచి పట్టుకుని సీసా దించి, ఆమె మీద విరుచుకుపడ్డాను.

"అందరు చెప్పులతోని తిరిగే జాగ సిస్టర్. గా సీసల మా ఆయన ఊపిరి కొట్టుకుంటున్నది. కాళ్ల కాడ ఎట్ల పెట్టాలె?" అంది.

యాదగిరి మూలుగుతూనే, "బర్రె తన్నినప్పుడు గూడ గింత లొల్లి కాలే" అన్నాడు.

ఆమెను కూర్చోబెట్టి గొట్టం చూపించాను. అతను పీలిస్తే లోపల ఒత్తిడి తగ్గి నీళ్లు కాస్త పైకి వస్తాయి, వదిలితే దిగుతాయి. సీసా ఎత్తున ఉంటే ఆ నీళ్లే ఛాతీలోకి పోతాయి. ఆమె కాసేపు చూసింది.

"అంటే కింద ఉండాలె. నేలకే తగలాలని లేదు గద?"

వాదనలో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. సాయంత్రం ఇంటి నుంచి కడిగిన పీట తెప్పించింది. జానెడు ఎత్తు కూడా లేదు, ఒప్పుకున్నాను.

నాలుగు రోజులు ఆ పీట పక్కనే కూర్చుంది. ఐదో రోజు నా దగ్గరికి పరుగున వచ్చింది. "బుడగలు ఆగినయ్ సిస్టర్. మంచికా, చెడ్డకా?" గొట్టం మూసుకుపోలేదని చూసి, ఎక్స్‌రే తీయించాము. ఊపిరితిత్తి ఛాతీ గోడ దాకా విప్పుకుంది. మంచికే అని చెప్పాను. ఆమె మొదటిసారి నాతో వాదించలేదు.

ఆ తర్వాత ఏ రోగి బంధువులకైనా ముందు కారణం చెప్పి, తర్వాతే నియమం చెప్పాను. సీసా పైకెక్కడానికి కారణం బాలమణి తెలియనితనం కాదు, నేను సగమే చెప్పి వెళ్లిపోవడం.