తవిటయ్య పరుపు

1986 జూలైలో కలకత్తాలో రేవు కార్మికుల ఆసుపత్రి ఒకదానిలో జూనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. మా విభాగంలో అందరికంటే పైన ఎముకల సర్జన్ గారు, ఆయన కింద సీనియర్ ఫిజియోథెరపిస్టు, ఆ కింద నేను, నా కింద వేడినీళ్ల సంచులు. మందులు రాసే అధికారం మాకు లేదు. వ్యాయామం చేయించడం, కాపడం పెట్టడం, ఎలా కూర్చోవాలో ఎలా పడుకోవాలో చెప్పడం మా పని. నడుము నొప్పితో ఎవరొచ్చినా సర్జన్ గారు చీటీ మీద ‘గట్టి పక్క’ అని రాసేవారు. ఆ రోజుల్లో దాదాపు అందరూ అలాగే రాసేవారు.

ఆ చీటీ పట్టుకుని నా దగ్గరకొచ్చిన మొదటి తెలుగువాడు తవిటయ్య. శ్రీకాకుళం వైపు మనిషి, ఖిదిర్‌పూర్ రేవులో క్రేన్ డ్రైవరు. నలభై దాటిన వయసు, బక్కపలచటి ఒళ్లు. రోజంతా ముందుకు వంగి ఓడ అడుగుకేసి చూస్తూ లీవర్లు లాగి లాగి నడుము పట్టేసింది. రెండు నెలలు లైట్ డ్యూటీ ఇచ్చారు, అంటే బరువూ వంగుడూ లేని పని. గడువు చివర మెడికల్ బోర్డు చూస్తుంది. ముగ్గురు డాక్టర్లూ ఫిట్ అంటే మళ్లీ క్రేన్ ఎక్కుతాడు, కాదంటే గేటు కాపలాకు వేస్తారు. కూలీగా చేరి ఎన్నో ఏళ్లకు క్రేన్ ఎక్కిన మనిషి. గేటు దగ్గర కూర్చుని ఇంకొకడు నడిపే క్రేన్ చూడడం తన వల్ల కాదని మొదటి రోజే చెప్పాడు.

నాలుగు రోజులకే నొప్పి పెరిగిందంటూ వచ్చాడు. ఆరా తీస్తే పరుపు తీసేసి ఉత్త చెక్కల మీద పడుకుంటున్నాడు. చీటీలో రాసింది తు.చ. తప్పకుండా చేశాడు పాపం. సన్నటి మనిషి చెక్క మీద పడుకుంటే భుజాలూ పిరుదులూ ఆనుతాయి కానీ నడుముకు ఆసరా ఉండదు. మరీ మెత్తటి పక్కైతే పిరుదులు కుంగి వెన్ను వంగిపోతుంది. ఈ మాట సర్జన్ గారితో అనడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. అన్నాక ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, అయితే ఆ పరుపు సంగతేదో నువ్వే చూడు అన్నారు.

తవిటయ్యను ఖిదిర్‌పూర్ బజారులో పరుపుల దుకాణానికి వెంటబెట్టుకెళ్లాను. అక్కడ అడుగున కొబ్బరిపీచు పరుపు, దాని మీద తోషక్ అనే పలచటి దూది పరుపు వేస్తారు. ఒక్కొక్క జత మీద ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి నడుము కింద అరచెయ్యి దూర్చాను. చెయ్యి సులువుగా దూరిపోతే పక్క గట్టిది, అసలు దూరకపోతే మెత్తది, ఒరుసుకుంటూ వెళితే సరైనది. పది నిమిషాల్లో చుట్టూ జనం చేరారు. నడుము నొప్పికి సలహా చెప్పలేనివాడు కలకత్తాలో పుట్టలేదు. ఒకాయన ఆవనూనె అన్నాడు, ఇంకొకాయన హోమియోపతి అన్నాడు. దుకాణందారు మాత్రం, కొంటారా, ఇక్కడే కాపురం పెడతారా అని అడిగాడు. ఐదో జత కుదిరింది.

మూడు వారాలు నొప్పి తగ్గుతూ వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత మళ్లీ మొదలైంది. బోర్డుకు ఇంక పదిహేను రోజులే ఉంది. వ్యాయామం చేస్తున్నానని తవిటయ్య ఒట్టేశాడు. నేను నమ్మలేదు. కోపంలో కేసు షీటులో ‘రోగి సహకరించడం లేదు’ అని రాసేశాను. ఆ షీటు బోర్డు ముందుకు వెళుతుందని తెలిసే రాశాను.

రుజువు కోసం సర్జన్ గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని తవిటయ్య ఇంటికి బయలుదేరాను. దారిలో ఊరేగింపు అడ్డొచ్చి బస్సు ఆగిపోతే ఏక్‌బాల్‌పూర్ దాకా నడిచాను. చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. ఒకటే గది, కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసిన ఒకటే మంచం. సెలవు రోజు కాబట్టి తవిటయ్య కూర వండుతున్నాడు. మంచం మీద ఆయనకు రెండింతలున్న మనిషి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

ఆయన తవిటయ్య భార్యకు అన్న, గంగయ్య. గోదాములో రాత్రి కాపలా. ఇద్దరి కుటుంబాలూ ఊళ్లోనే ఉన్నాయి. పగలు గంగయ్య, రాత్రి తవిటయ్య, ఏళ్లుగా మంచానికి కూడా షిఫ్టులే. గంగయ్యను లేపి చూస్తే తోషక్ మధ్యలో దూది అణిగి గుంట పడింది. ఆ గుంటలో తవిటయ్యను పడుకోబెడితే నడుము కింద నా చెయ్యి దూరలేదు.

ఎందుకు చెప్పలేదని తవిటయ్యను అడిగాను.

“మీరడగలేదు బాబూ. అయినా మంచం మా బావది. నానొచ్చిన్నాడే సగం ఇచ్చేసినాడు. తొంగోవద్దని నానేటని సెప్తాను?”

గంగయ్య ఆ గుంటను చేత్తో తడిమి చూశాడు.

“ఒక్కమాట సెప్తే కింద తొంగుందును గదరా తవిటీ” అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఎవర్నీ మంచం దిగమనలేదు. అడుగున పీచు పరుపు ఇద్దరికీ ఒకటే, పైన తోషకులు రెండు: తవిటయ్యకు పాతదే, దూది ఏకించి, గంగయ్యకు దట్టంగా కుట్టించిన కొత్తది. డ్యూటీకి వెళ్లేవాడు తనది చుట్టి మంచం కింద పెట్టాలి. వారానికి నొప్పి సర్దుకుంది. కేసు షీటులో నా వాక్యం కొట్టేసి పక్కన సంతకం పెట్టాను.

బోర్డులో పెద్ద డాక్టరు గారి కన్ను సరిగ్గా ఆ కొట్టివేత మీదే పడింది. ఇదేమిటని అడిగారు. రోగి సహకరించాడు, విచారించకుండా రాసింది నేనని ముగ్గురి ముందూ చెప్పాను. ఆయన నన్ను వదిలేసి తవిటయ్యను వంగమన్నారు, లేవమన్నారు, బల్ల ఎక్కి దిగమన్నారు. ఫిట్ అని రాశారు. ఆ మాట చెబుదామని తవిటయ్య బయటికి పరిగెడితే, రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన గంగయ్య వరండాలో బెంచీ మీద నిద్రపోతున్నాడు. తవిటయ్య లేపలేదు, నన్నూ లేపనివ్వలేదు.

పక్క ఎంచుకునేటప్పుడు మనిషి బరువు చూడాలి, పడుకోబెట్టి చెయ్యి దూర్చి చూడాలి. ఆ రెండూ నాకు చదువులోనే చెప్పారు. ఆ పక్క మీద ఇంకెవరు పడుకుంటారో అడగాలని మాత్రం ఏక్‌బాల్‌పూర్‌లో తెలిసింది. రిటైరయ్యేదాకా ప్రతి రోగినీ అడిగాను. కొందరు సిగ్గుపడ్డారు, ఒకరిద్దరు తిట్టారు. రోగి సహకరించడం లేదని కేసు షీటులో మళ్లీ ఎప్పుడూ రాయలేదు.