ఇంజను చల్లగా ఉందని చెప్పాను

అబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో, మెట్ల కింద పనిచేసే మెకానిక్ నా బండి ఇంజను పాడుచేశాడని మా నాంపల్లి ఆఫీసులో చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. ఆ మాట పుట్టించింది నేను. అది నిజం కాదు. జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

నా బండి పాతది. ఏడాదికోసారైనా దానికి టాపెట్ సెట్టింగ్ చేయించాలి. ఇంజను పైభాగంలో వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య కాగితం మందమంత సందు ఉంటుంది. నడిచేకొద్దీ ఆ సందు మారుతుంది. దాన్ని మళ్ళీ సరైన కొలతకు తేవడమే ఆ పని. చూడ్డానికి అరగంట పనే. కానీ చేతకానివాడి చేతిలో పడితే ఇంజను విప్పాల్సి వస్తుంది.

అంతకుముందు నాంపల్లిలో ఒకడు బండి రాత్రికి ఉంచుకుని మంచి కార్బురేటర్ తీసేసి ఎవరిదో అరిగిపోయినది పెట్టాడు. అది బయటపడడానికి నాకు మూడు నెలలు పట్టింది. అప్పటినుంచి నాకొక అలవాటు అయింది. బండి ఎవరికైనా ఇచ్చే ముందు మా ఆవిడ గోళ్ళరంగు తీసి, కార్బురేటర్ మీద, కాయిల్ మీద, ఇంకా రెండు మూడు చోట్ల చిన్న ఎర్రచుక్కలు పెట్టేవాణ్ణి. బండి తిరిగొచ్చాక చుక్కలు లెక్కపెట్టుకునేవాణ్ణి. రాత్రికి మాత్రం ఎవరి దగ్గరా బండి వదలకూడదని తీర్మానించుకున్నాను.

మెట్ల కింది మెకానిక్ గురించి చెప్పింది మా సెక్షన్‌లో నాతో పనిచేసే పెద్దాయన. ఆఫీసులో పది పన్నెండు బండ్లు ఆ మెకానిక్ దగ్గరికే వెళ్ళేవి. మనిషికి యాభై దాటి ఉంటాయి. అందరూ ఉస్తాద్ అనేవారు. మొదటిసారి వెళ్ళినప్పుడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, కార్బురేటర్ దగ్గర వంగి చూశాడు.

"ఇదేంది సార్, బండికి బొట్టు పెట్టిన్రు?"

"ఏదో గుర్తుకోసం," అన్నాను.

"గిన్ని బొట్లా? పెండ్లికి తోలుకపోతున్నరా ఏంది?"

పక్కన బండికోసం నిలబడ్డ ఒకాయన నవ్వాడు. నాకు సిగ్గేసింది. ఆ చుక్కలు ఎందుకో ఉస్తాద్‌కు తెలియకుండా ఉంటుందా? తెలిసీ ఇంకేమీ అనలేదు.

"టాపెట్ చెయ్యాలంటే ఇంజన్ చల్లగుండాలె సార్. రాత్రికి ఇడిసిపెట్టి పోతే పొద్దుగాల చేస్త. గట్ల గాకుంటే రేపు పొద్దుగాల స్టార్ట్ చెయ్యకుండ తోసుకరాండ్రి."

కాచిగూడలో మా ఇంటి నుంచి అబిడ్స్ దాకా బండి తోసుకుని రావడం నావల్ల కాదు. బండి అక్కడ వదలడం నాకు ఇష్టం లేదు. రేపు వస్తానని చెప్పి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున మా ఆవిడను కోఠీలో దింపి, నేరుగా అబిడ్స్ వచ్చాను. మే నెల. సందు మొదట్లో ఇంజను ఆపేసి అక్కణ్ణుంచి తోసుకుంటూ వెళ్ళాను. నూరు అడుగులు కూడా ఉండదు. అప్పటికే చొక్కా తడిసిపోయింది.

"చల్లగున్నదా సార్ ఇంజన్?" అని అడిగాడు ఉస్తాద్.

"నిన్న సాయంత్రం ఆఫీసులోనే వదిలి వెళ్ళాను. నాంపల్లి నుంచి తోసుకొచ్చాను."

అంత అబద్ధం నా నోట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. నా చొక్కా వైపు చూశాడు.

"అయ్యో, గింత ఎండల తోసుకొచ్చిన్రా. కూసోండ్రి సార్, జర నీళ్ళు తాగుండ్రి. ఇంజన్ గూడ ఎండకు మస్తు గరమైంది."

తన స్టూలు నాకు ఇచ్చి తాను నేల మీద కూర్చున్నాడు. మూత విప్పి, సన్నని ఇనుప రేకును సందులో దూర్చి లాగుతూ, కళ్ళు మూసుకుని కొలత పట్టాడు. నేను ఆయన సీసాలోని నీళ్ళు తాగుతూ, ఆయన చేతులు ఏమైనా మారుస్తాయేమోనని చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వచ్చాక చుక్కలు చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

పదిహేను రోజులు దాటాక పొద్దున పూట బండి స్టార్ట్ అవడం కష్టమైంది. తర్వాత సిగ్నల్ దగ్గర ఆగిపోవడం మొదలైంది. ఒకరోజు అబిడ్స్ సర్కిల్‌లో సైలెన్సర్‌లో ఫట్‌ఫట్‌మని పేలి పూర్తిగా నిలిచిపోయింది. వెనక బస్సు హారన్ కొడుతోంది. ఎవడో "అంకుల్, బండి మ్యూజియంల పెట్టున్రి" అన్నాడు. ఆ ఉక్రోషంతోనే మెట్ల దగ్గరికి తోసుకుంటూ వెళ్ళాను. ఈసారి నిజంగానే తోశాను.

అక్కడ మా ఆఫీసువాళ్ళు ఇద్దరు ఉన్నారు, ఒకరు ఆ సెక్షన్ పెద్దాయనే. అప్పటిదాకా ఉస్తాద్‌ను మీరు అనేవాణ్ణి. ఆ రోజు నువ్వు అన్నాను.

"ఏం చేశావయ్యా ఇంజనుకి? పని రాకపోతే రాదని చెప్పాలి."

ఆయన లేచి నిలబడ్డాడు. కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కి చూశాడు. అది ఏ బిగువూ లేకుండా కిందికి దిగిపోయింది, ఇంజను లోపల గాలి నిలవడం లేదన్నమాట.

"సార్, గా రోజు ఇంజన్ నిజంగ చల్లగుండెనా?"

ఆ ఒక్కసారే అడిగాడు, గొంతు పెంచకుండా. అవుననో కాదనో చెప్పి ముగించగల ప్రశ్న అది. మా ఆఫీసువాళ్ళు నావైపు చూస్తున్నారు.

"అంటే నేను అబద్ధం చెప్పానా?"

"గట్ల అంటలేను సార్." కాసేపు తన చేతివైపు చూసుకున్నాడు. "నా చెయ్యే తప్పిందేమో. ఇడిసిపెట్టున్రి, నేనే బాగుచేసి ఇస్త."

"నీ చేతికి మళ్ళీ ఇస్తానా?" అని బండి తిప్పుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో కూడా ఇదే చెప్పాను. చల్లగా ఉందా అని అడిగాడనీ, ఉందన్నాననీ కూడా చెప్పాను. మా ఆవిడ కూర తరుగుతూ ఆగింది.

"ఆ పొద్దున నన్ను కోఠీలో దింపి వెళ్ళారు కదండీ. మరి చల్లగా ఎట్లా ఉంటుంది?"

"నీకు బండ్ల సంగతి తెలీదు," అన్నాను. ఆమె మళ్ళీ కూర తరగడంలో పడింది.

హిమాయత్‌నగర్‌లో ఇంకో మెకానిక్ ఇంజను విప్పాడు. వాల్వు అంచు ఒకచోట కాలి కొరుక్కుపోయి ఉంది. దాన్ని నా అరచేతిలో పెట్టి, "వేడి మీద సెట్టింగ్ చేసిన్రు సార్ ఎవరో," అన్నాడు. ఇలాంటి ఇంజను వేడెక్కితే సాగి, సందు ఎక్కువగా కనిపిస్తుందట. అప్పుడు కొలత ప్రకారం తగ్గిస్తే, చల్లారాక సందే మిగలదట. వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట దాని పక్కనుంచే పోతుంది. ఆయన ఇదంతా చెబుతుంటే నేను బల్లమీద పరిచిన నా బండి భాగాలు చూస్తున్నాను. ఎర్రచుక్కలు అన్నీ ఉన్నాయి. ఉస్తాద్ ఏదీ మార్చలేదు.

ఆ రోజే అబిడ్స్ వెళ్ళి చెప్పి ఉండాల్సింది. వెళ్ళలేదు. పైగా ఆఫీసులో ఎవరైనా బండి గురించి అడిగితే, "మెట్ల కింద ఇస్తే వాల్వు కాల్చి ఇచ్చాడు" అనేవాణ్ణి. ఆ మాటకు సాక్షులు కూడా ఉన్నారు. కొన్ని నెలల్లో మా ఆఫీసు బండ్లన్నీ వేరేచోటికి వెళ్ళాయి. నేను ఆ సందు వైపు వెళ్ళడం మానేసి కాస్త చుట్టు అయినా వేరే దారిలో ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఈమధ్య నాంపల్లి స్టేషన్ దగ్గర టైరు పంక్చర్ అయితే, ఎదురుగా కనిపించిన షాపులోకి బండి తోసుకెళ్ళాను. ట్యూబును నీళ్ళలో ముంచి చూస్తున్న మనిషి తలెత్తాడు. ఉస్తాద్. నన్ను గుర్తుపట్టాడు. "కూసోండ్రి సార్," అన్నాడు, అదే గొంతుతో.

ఏం మాట్లాడాలో తెలియక, ఇక్కడ టాపెట్లు కూడా చూస్తారా అని అడిగాను.

"లేద్ సార్. పంక్చర్, ఆయిల్, బ్రేక్. గంతే. టాపెట్ ఇడిసిపెట్టిన. చెయ్యి మీద భరోసా పోయింది. సందు సరిగ్గున్నదని చెయ్యి చెప్తది, మనసు లేదంటది."

పంక్చర్ వేసేదాకా ఆగి చెప్పాను. కోఠీలో మా ఆవిడను దింపిన సంగతి, సందు మొదట్లో ఇంజను ఆపిన సంగతి, హిమాయత్‌నగర్‌లో విన్నది, అన్నీ చెప్పాను. మీ చెయ్యి తప్పలేదన్నాను. ఆయన చేతులు తుడుచుకోవడం ఆపలేదు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"గా చెమట చూసి నమ్మిన సార్," అన్నాడు చివరికి.

క్షమించమని అడిగాను.

"నాకు చెప్తె ఏమొస్తది? గప్పుడు ఎవరి ముంగట అన్నరో గాళ్ళకు చెప్పున్రి."

బండి ఇక్కడే వదిలి వెళ్తాను, రేపు పొద్దున చల్లారాక మీరే టాపెట్లు చూడండి అన్నాను. చేస్తాననలేదు, చెయ్యననలేదు. తాళంచెవి బల్లమీద పెట్టి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాను. ఆ బండి మీద ఆ రోజు కొత్త చుక్కలేవీ లేవు.

మర్నాడు సాయంత్రం వెళ్ళాను. బండి పెట్టినచోటే ఉంది. ఇంజను మూత బోల్టులు మాత్రం తుడిచినట్టు మెరుస్తున్నాయి.

"చేశారా?"

"పొద్దుగాల మూత తీసిన. ముట్టకుండనే మల్ల పెట్టేసిన." తాళంచెవి నా చేతికిచ్చాడు. "గాళ్ళకు చెప్పిన్రా సార్?"

ఒకరికి చెప్పానన్నాను. నిజమే. ఆ సెక్షన్ పెద్దాయనకు ఫోన్‌లో చెబితే, "ఇంకా అదే పట్టుకున్నావా" అని నవ్వి వేరే మాటలోకి వెళ్ళిపోయాడు. రెండోవాడు బదిలీ మీద ఎక్కడికో వెళ్ళాడు. వాల్వు కాల్చాడన్న మాట అప్పట్లో నేను క్యాంటీన్‌లో, ఆఫీసు మెట్ల మీద, పార్కింగ్‌లో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. వాళ్ళలో కొందరు రిటైరయ్యారు.

"మిగతాళ్ళకు?" అన్నాడు ఉస్తాద్.

ఇంకా లేదన్నాను. ఆయన తల ఊపి, ఇంకో బండి చక్రం విప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, ఆ రోజు ఇంజను వేడిగా ఉంది. నాకు తెలుసు.