ఎర్తు గుంతలో ఉప్పు

మా వీధి మలుపులో ఇస్త్రీబండి పెట్టుకున్న ఆయన సాయంత్రం పని ముగించేటప్పుడు నిప్పుల మీద చెంబెడు నీళ్లు చల్లుతాడు. అప్పుడు లేచే తడిబొగ్గు వాసన కరీంనగర్‌లోని మా రెండో అంతస్తు వరండా దాకా వచ్చిందంటే, రాస్తున్న దినచర్య పుస్తకాన్ని కాసేపు మూసి పెడతాను. ఇతరులకు అది బట్టల ఇస్త్రీ వాసన. నాకు మాత్రం మా పెద్దబాపు ఇంట్లో మాకంటే సరిగ్గా నలభై ఒక్క రోజులు ముందుగా వెలిగిన బల్బు వాసన.

మాది నేతగాళ్ల ఊరు. ఒకే పెంకుటింటిని నడుమ మట్టిగోడ పెట్టి అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. తూర్పు సగం పెద్దబాపుది, పడమటి సగం మా బాపుది. గోడకు అటు పెద్దబాపు కూతురు సుగుణ, ఇటు నేను. ఆమె నాకంటే నాలుగు నెలలు పెద్దది. ఎండాకాలం వచ్చిందంటే వాకిట్లో వెదురు కర్రల మీద రంగు నూలు చిలపలు, నులకమంచం మీద మామిడి ఒరుగులు ఆరేవి. కాగే గంజి పులుపూ, మక్కగట్కలో కలిపిన చల్ల కమ్మదనమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. నీడ గోడకు ఏ పక్కన ఉంటే ఆ పక్కన చేరి మేమిద్దరం కచ్చకాయలు ఆడుకునేవాళ్లం. గెలిచిన ఆటలు గోడ మీద బొగ్గుతో గీసిపెట్టేదాన్ని. సుగుణ గీతలే ఎప్పుడూ ఎక్కువ.

కరెంటు స్తంభాలు మా వాడకు వచ్చిన ఏడు మేం అయిదో తరగతి. తీగ కలిపే ముందు ప్రతి ఇంటినీ తనిఖీ సారు వచ్చి చూసేవాడు. తెలుగులో ఉర్దూ కలిపి మాట్లాడే ఆ సన్నటి మనిషి భుజాన నల్లటి పెట్టె ఒకటి ఉండేది. దాని పిడి గిరగిరా తిప్పి, లోపలి ముల్లు నిలిచిన చోటు చూసి, పాసో ఫెయిలో ఒక్క మాటలో తేల్చేవాడు. వాకిట్లో మనిషిలోతు గుంత తవ్వి, ఇనుప గొట్టం నిలిపి, చుట్టూ కట్టెబొగ్గు ఒక వరుస, గల్లుప్పు ఒక వరుస పోసి పూడ్చి, గొట్టం నుంచి తీగ ఇంట్లోకి లాగాలి. అదే ఎర్తు గుంత. ఎండాకాలం దాన్ని రోజూ తడపాలి. గుంత బాగుంటేనే బల్బు వస్తుందన్నంత వరకే పిల్లలకు తెలుసు.

పెద్దబాపు వాళ్లు మొదటిసారే పాసయ్యారు. మేం రెండుసార్లు ఫెయిలయ్యాం. మొదటిసారి, బెల్లంపల్లి గనిలో పనిచేసే చుట్టమొకాయన అభిమానంతో మోసుకొచ్చిన రాకాసిబొగ్గును బాపు గుంతలో పోశాడు. సారు నవ్వి, అది పొయ్యికే గాని ఎర్తుకు పనికిరాదన్నాడు. రెండోసారి అడ్డుపడింది మా బాపమ్మ. బాపు బజారుకు పోయిన పూట గుంతలో పోసిన ఉప్పంతా ఎత్తి కుండలో వేసుకుంది.

“ఉప్పు మట్టిపాలు జేస్తర్రా? రేపు యముని కాడ గదంత కనురెప్పలతోని ఏరాలె. నువ్వు ఏరుతవా, నన్ను ఏరుమంటవా?” అనేసరికి బాపు మళ్లీ ఉప్పు పోసే ఊసే ఎత్తలేదు.

గోడకటు సాంచె నడుస్తుండేది. కరెంటు మగ్గాన్ని మావైపు అలాగే అంటారు. ఇటు బాపు కాళ్లతో తొక్కే గుంటమగ్గం. పొద్దు వాలగానే అటు పసుపు వెలుగు, ఇటు గ్యాసునూనె కందిలి. “మీ కందిలి కంటె మా బల్బు కింది పురుగులే నయం. అవన్న వెలుగుల చస్తయ్,” అనేది సుగుణ. ఎర్తు గుంతలో రోజూ రెండు బిందెల నీళ్లు పోసే పని ఆమెది. బిందె చంకన పెట్టి మా వాకిలి ముందు నుంచే, అవసరం లేకున్నా, నెమ్మదిగా నడిచేది. ఆ నీళ్ల మీద కూడా నాకు కన్నుకుట్టేది.

పెద్ద ఎండల్లో పెద్దబాపు ఇల్లంతా మొక్కు తీర్చుకోవడానికి కొండగట్టుకు బయలుదేరింది. “మూడొద్దులు జర మా గుంతల నీళ్లు పొయ్యవే చెల్లే, మరువకు,” అని సుగుణ బిందె నా చేతికిచ్చింది. నేను తలూపాను. నాలుగో రోజు మా ఇంటికి సారు మూడోసారి రావాలి.

ఆ నీళ్లన్నీ మా గుంతలోనే పోశాను. మూడో మధ్యాహ్నం, బాపమ్మ కునుకు తీస్తుండగా, కొబ్బరిచిప్పతో వాళ్ల గుంత తవ్వి, చేతికందినంత ఉప్పూ బొగ్గూ గంపకెత్తి మా గుంతలో నింపాను. ఆ ఉప్పును మట్టిపాలు చేసింది వాళ్లే కనుక కనురెప్పల బాధ వాళ్లదేనని లెక్క కూడా వేసుకున్నాను. తవ్వుతుండగా గొట్టం నుంచి తీగ ఊడి వచ్చింది. దాన్ని మట్టిలో దోపి, పైన చదును చేశాను.

మర్నాడు సారు పిడి తిప్పాడు. “పాస్!” అన్నాడు. “చూసినవా, ఉప్పు లేకున్న పాసయింది,” అని బాపమ్మ కొడుకు వైపు గెలుపుగా చూసింది. నా ఒళ్లంతా పండగయింది. అవ్వ, అదే మా అమ్మ, ఇచ్చిన చాయ్ తాగుతూ సారు బాపుకు గొట్టం తీగ చూపించాడు. “గీ తీగె ఖరాబయితే మిషన్ల కరెంటు మనిషిని పట్టుకుంటది భాయ్. ఇడ్వదు.”

అప్పుడే తిరిగొచ్చిన పెద్దబాపు గోడకటు సాంచె మొదలుపెట్టాడు. ఆ టకటకలో సుగుణ నవ్వు వినిపించింది. ఊడిన తీగ సంగతి చెబితే మా బల్బు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో సారు ఇప్పుడే చెప్పాడు. సారు చాయ్ సగం తాగి, మిగతా సగం సాసరులో పోసుకుని ఊది ఊది ముగించేదాకా నేను నోరు తెరవలేదు. ఆ వ్యవధిని నేటికీ తక్కువ చేసి రాసుకోలేను.

“సారూ, పెద్దబాపోల్ల తీగె ఊడింది.”

సాసరు అరుగు మీదే పగిలింది. సారు గోడ చుట్టి పరుగెత్తాడు. “పెద్దాయనా, మెయిన్ దించు! దేన్నీ ముట్టకు!”

మెయిన్ దించి పెద్దబాపు అమాయకంగా నిలబడ్డాడు. “ఏంది సారూ? సాంచె మీద చెయ్యి వెడితె జివ్వు జివ్వుమంటుంది. కొండగట్టు అంజన్న నా చేతిలకు వచ్చిండనుకున్న. మా బిడ్డను గూడ ముట్టి మొక్కుమన్న.” రెండు చేతులూ జోడించి సుగుణ సాంచెకు జానెడు దూరంలో, వట్టి కాళ్లతో, తడి నేల మీద ఉంది.

సారు వాళ్ల ఫీజు పీకి జేబులో వేసుకున్నాడు. గుంత తవ్వి చూశాడు. గుంతనూ, నల్లబడ్డ నా గోళ్లనూ మార్చి మార్చి చూశాడు. “పందికొక్కు తవ్వింది,” అని పెద్దబాపుతో చెప్పి, రిజిస్టరులోనూ అదే రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, “బేటీ, రేపటి సంది రెండు గుంతలకు నువ్వే నీళ్లు పొయ్యాలె,” అన్నాడు. ఆయన మా పాసు కొట్టెయ్యలేదు, కొద్దిరోజుల్లో మా బల్బూ వెలిగింది. వానలు పడేదాకా పోశాను. పెద్దబాపు నెల రోజులు పందికొక్కుకు బోను పెట్టాడు.

ఆ మట్టిగోడ లేదు, గుంటమగ్గం లేదు, కనురెప్పల భయం పెట్టే బాపమ్మ లేదు. పిడి తిప్పి ముల్లు చూసే మనిషి మా ఫ్లాటుకు ఒక్కసారీ రాలేదు. ఎర్తు గుంత ఎక్కడుందని కాపలా ఆయన్ని అడిగితే, “గదేందమ్మా?” అన్నాడు.

పందికొక్కు కథ మాత్రం సుగుణ దగ్గర భద్రంగా ఉంది. ఏ పెండ్లి పందిట్లో కూర్చున్నా చెబుతుంది, నాకంటే ఎంతో బాగా చెబుతుంది, అందరూ ఆమె చుట్టే చేరుతారు. నాది కావలసిన కథకు ఆమెకు దక్కే నవ్వులు చూస్తే ఈ వయసులోనూ నాకు కడుపుమంటే. మొన్న మా మేనల్లుడి పెండ్లిలో, “నా కండ్లతోని చూసిన, గింత పొడుగుండె,” అని రెండు చేతులూ మూరెడు దూరం చాపింది. తప్పు కొలత విని ఊరుకోవడం నాకు చేతకాదు.

“గంత చిన్నగ లేకుండెనే. నాలుగడుగులుండె,” అన్నాను. “రెండు జడలు గూడ ఉండె.”

పందిరంతా గొల్లుమంది. సుగుణ ఒక్కతే నవ్వలేదు. చాపిన చేతులు దించకుండా, నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది.