జెర్కా అత్త మడతపీట

మా ద్వీపంలో జెర్కా అత్త నివ్వెరపోని రోజు లేదు. అదొక్కటే ఆమెకున్న జబ్బు. మిగతా ఒళ్ళంతా గుండ్రాయి. నివ్వెరపోతే మాత్రం కాళ్ళు నిలవవు, ఉన్నచోటే కూలబడాలి. అందుకని నలభై ఏళ్ళుగా, చేపలు పట్టేవాళ్ళు వాడే మడతపీట ఒకటి చంకన పెట్టుకుని తిరిగేది. పోస్టుమాన్ టోపీ లేకుండా వచ్చాడా, ఠప్పున పీట విప్పి కూర్చునేది. ఒకసారి పడవ వేళకే వచ్చింది. అత్త రేవు మీద సరిగ్గా తాడు విసిరే చోట కూలబడింది. ఆమె తేరుకుని లేచేసరికి పడవ ఎప్పటిలాగే ఆలస్యమైంది.

క్రమంగా ఊళ్ళో అత్త ఎన్నిసార్లు పీట వేసిందన్నదే కొలమానమైపోయింది. నిన్నటి గాలివాన ఎంత అంటే రెండు పీటలు అనేవాళ్ళు. మేయరు గారి రెండో పెళ్ళి మూడు పీటలు. మూడు దాటింది మా ఊరి చరిత్రలో లేదు.

దోన్ లోవ్రే ఫాదర్ గారు మా ఊరి గుడికి కొత్తగా వచ్చినప్పుడు ఈ సంగతి తెలియదు. మొదటి ఆదివారం పూజలో చేతులు చాచి "ప్రభువు మీతో ఉండునుగాక" అన్నారో లేదో, నడవ మధ్యలో ఠప్పుమని చప్పుడైంది. ఒక ముసలామె పీటేసుకుని కూర్చుని, కళ్ళార్పకుండా ఆయన పాదాలకేసి చూస్తోంది. పూజవస్త్రం కింద తెల్లటి ఆటబూట్లు ఉన్నాయి. సత్ప్రసాదపు అప్పం అందుకోడానికి వచ్చినవాళ్ళంతా ఏరు బండను చుట్టుకుపోయినట్టు ఆమెను చుట్టుకుపోయారు. మరుసటి ఆదివారం నుంచి ఫాదర్ గారు నల్లబూట్లే వేశారు.

రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు, ఉపవాసాలకు ముందొచ్చే కార్నివాల్ సంబరాలు దగ్గరపడ్డాక, నివ్వెరపోవడం ఫాదర్ గారి వంతయింది.

ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారానికి ముందురోజు మా ఊరి మైదానంలో గడ్డిబొమ్మకు విచారణ జరుగుతుంది. ఏడాది పొడుగునా ఊళ్ళో జరిగిన తప్పులన్నీ దాని నెత్తిన రుద్ది, తీర్పు చదివి, తగలబెడతారు. ఆ నాటకం రాసేది పడవ ఇంజన్లు బాగుచేసే బర్తూల్. ఆరుపదుల మనిషి. నోరు విప్పితే ఉప్పూకారమే. జ్ఞానస్నానం తప్ప గుడితో అతనికి వేరే సంబంధం లేదు. ఆ ఏడు బొమ్మకు ఫాదరు వేషం వేశాడని, ఫాదరుకు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనాన్ని, తీర్థాన్ని, మోక్షద్వారాన్ని ఉతికి ఆరేశాడని కబురొచ్చింది.

ఆ రాత్రే ఫాదర్ గారు కాగితం తీసుకుని కూర్చున్నారు. తనను ఎగతాళి చేస్తే సర్దుకునేవారు. ఇది విశ్వాసం మీద దెబ్బ. నాటకాన్ని ఆపించమని పురపాలక సంఘానికీ, బిషప్ గారికీ ఉత్తరం రాశారు. కింద గుడి పెద్దల సంతకాలు కావాలి. ఇల్లిల్లూ తిరిగారు. అందరిదీ ఒకటే మాట, ముందు జెర్కా అత్తను పెట్టనీయండి, ఆ కిందే మేమూ పెడతాం అని. ఆమె నివ్వెరపోని దానికి తాము నివ్వెరపోతే బాగుండదట.

అత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఉత్తరం రెండుసార్లు చదివింది. కలం మాత్రం ముట్టుకోలేదు.

"నేనింకా చూడలేదుగా ఫాదర్ గారూ. చూడకుండా నివ్వెరపోయానని సంతకం పెడితే అబద్ధమవుతుంది. మళ్ళీ అది మీ దగ్గరికే వచ్చి చెప్పుకోవాలి."

సరే, చూద్దామనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం పాత చేపల ఫ్యాక్టరీ షెడ్డులో సాధన జరుగుతుంటే ఇద్దరూ వెళ్ళారు. అత్త గుమ్మంలో కనబడగానే నటులకు ప్రాణం లేచొచ్చింది. బర్తూల్ పరుగున వచ్చి ముందు వరసలో చోటు చూపించాడు.

"రా అత్తా. ఈసారి నాలుగు పీటలు వేయించకపోతే నా పేరు మార్చుకుంటాను."

మొదటి రంగంలో బొమ్మకు బదులుగా ఆడే నటుడు, అంటే బొమ్మఫాదరు, ఆలివ్ చెట్లకు మందుకొట్టే పంపు వీపున తగిలించుకుని జనం మీద తీర్థం చిమ్మాడు. ఠప్పుమంది పీట. రెండో రంగంలో పాపసంకీర్తనం. చేపలు తూచే త్రాసులో పాపాలు తూచి, చేపకు తీసినట్టు తల తీసేస్తే తూకం తగ్గుతుందేమోనని బేరమాడుతున్నారు. అత్త లేచి, మళ్ళీ కూర్చుంది. రెండో పీట. ఫాదర్ గారు జేబులోంచి కలం తీసి మూత విప్పారు.

మూడో రంగం మొదలవుతూనే బొమ్మఫాదరు వెనక్కి తిరిగాడు. అత్త గుండె మీద చెయ్యేసుకుంది.

"ఒరేయ్ బర్తూల్, ఫాదరు అంగీకి జిప్పు పెట్టావట్రా? ముప్పైమూడు గుండీలుండాలి. ప్రభువు ఈ లోకంలో బతికిన ఏళ్ళన్ని. ఎగతాళి చేసేవాడికి ఆ మాత్రం శ్రద్ధ ఉండక్కర్లేదూ?"

మూడో పీట. ఫాదర్ గారు ఉత్తరం మోకాలి మీద పరిచారు.

నాలుగో రంగం మొదలైంది. ఒక మనిషి గుడి ముందు నిలబడి, మా నాన్న పోయాడు, గంట కొట్టించండి అని అడుగుతాడు. బొమ్మఫాదరు పెద్ద పుస్తకం తిరగేసి, మీ నాన్న పేరు ఇందులో లేదు, ఇంటికెళ్ళి గిన్నె కొట్టుకో అంటాడు. ఆ మనిషి గరిటెతో సత్తుగిన్నె మీద కొట్టాడు. మూడు, మూడు, మూడు. మగవాడు పోతే మా గుడిగంట కొట్టే లెక్క అది. నటులు పడీపడీ నవ్వుతూ అత్తవైపు తిరిగారు.

అత్త కూర్చోలేదు. లేచి, పీట మడిచి, చంకన పెట్టుకుని నిటారుగా నిలబడింది.

నవ్వులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. అలాంటిది మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. బర్తూల్ ఒక్కడే తల దించుకుని, చేతికంటిన గ్రీజు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

బయటికొచ్చాక ఫాదర్ గారు కలం అందించారు. అత్త అందుకోలేదు.

"ఆ గిన్నె కట్టుకథ కాదు నాయనా. నలభై ఏళ్ళనాటి మాట. ఈ బర్తూల్ నాన్న యాకోవ్ ఎర్రపార్టీ మనిషి. అప్పటి ఫాదరు గారు గంట కొట్టనివ్వలేదు. వీడు ఇంటి దగ్గర్నుంచి శ్మశానం దాకా గిన్నె వాయించుకుంటూ మా వీధినే పోయాడు. నేను కిటికీ మూసుకున్నాను."

ఫాదర్ గారు చాచిన కలం వెనక్కి తీసుకున్నారు.

"నివ్వెరపోవాల్సిన రోజున నివ్వెరపోలేదు. ఆ వారమే ఈ పీట కొన్నాను, మళ్ళీ తప్పిపోకుండా."

ఫాదర్ గారు, మరి విశ్వాసాన్ని ఇలా నవ్వులపాలు చేస్తుంటే మనం చేతులు ముడుచుకుని కూర్చోవాలా అని అడిగారు.

"వాళ్ళు అబద్ధమాడితే అదే గాలికి పోతుంది. మన ప్రభువుని అంతకన్నా హేళన చేశారు, ఆయన తరిగిపోయాడా? నిజమాడితే మాత్రం సరిదిద్దుకోవాలి. ఇందులో నా సంతకంతో పనేముంది?"

ఉత్తరం ఫాదర్ గారి జేబులోనే ఉండిపోయింది. విచారణ రోజున ఆయన ముందు వరసలో కూర్చున్నారు. పాపసంకీర్తనం దగ్గర ముఖం గంటు పెట్టుకున్నారు గాని, మందుపంపు దగ్గర నవ్వాపుకోలేక దగ్గారు. బొమ్మఫాదరు అంగీకి ముప్పైమూడు గుండీలున్నాయి. ముప్పైమూడూ ముప్పైమూడు రకాలు. అత్త ఇంట్లో ఆ వారం ఒక్క రవికెకూ గుండీలు మిగల్లేదు. మంట పైకి లేస్తుంటే అత్త పెద్ద గిన్నెడు వేయించిన పిండి ఉండలు తెచ్చి నటులకు పంచింది. బర్తూల్ రెండు తీసుకున్నాడుగాని ఆమె కళ్ళలోకి చూడలేదు.

మర్నాడు బుధవారం. నుదుట విభూది పెట్టించుకుని జనం ఇళ్ళకు చేరారు. సరిగ్గా పన్నెండింటికి గంట మోగింది. మూడు, మూడు, మూడు.

ఊరంతా గుండెలు బాదుకుంటూ వీధుల్లోకొచ్చింది. ఎవరు పోయారు? పొద్దున అందరూ గుళ్ళో ఉన్నారే! ఆడవాళ్ళు మొగుళ్ళను లెక్కపెట్టుకున్నారు. డాక్టరు తనకు చెప్పకుండా ఎవరు పోయారని మండిపడ్డాడు. తొంభై ఏడేళ్ళ విట్సె తాత దగ్గరికి పదిమంది పరిగెత్తేసరికి, ఆయనే ఎదురొచ్చి, పోయింది నేను కాదుగదా అని వాకబు చేశాడు.

బర్తూల్ పనిముట్టు చేతిలో ఉండగానే గుడి దగ్గరికి వచ్చాడు. గంటతాడు పట్టుకుని దోన్ లోవ్రే ఊగుతున్నారు. అరచేతులు పొక్కులెక్కాయి. పక్కన జెర్కా అత్త వేళ్ళ మీద లెక్కపెడుతోంది.

"ఎవరండీ పోయింది?" అన్నాడు బర్తూల్.

"యాకోవ్," అన్నారు ఫాదర్ గారు రొప్పుతూ. "కొంచెం ఆలస్యమైంది."

బర్తూల్ చేతిలోని పనిముట్టు కింద పడింది. గోడకోసం తడుముకున్నాడు. అందలేదు. అప్పటికే వెనకాల ఠప్పుమని చప్పుడైంది.

"మెల్లిగా కూర్చో," అంది అత్త. "పీట ఎడమకాలు కాస్త వదులు."

బర్తూల్ కూర్చున్నాడు. ఆ పీట మీద అత్త కాక మరొకరు కూర్చోవడం అదే మొదలు. చాలాసేపు గంట వింటూ ఉండిపోయాడు. తర్వాత గ్రీజు చేత్తో ముక్కు తుడుచుకుని, ఇది వచ్చే ఏడు నాటకంలో పెట్టేస్తాను అని బెదిరించాడు.

"పెట్టుకో," అంది అత్త. "ముందు లేచి ఆ ఎడమకాలు బిగించు. మెకానిక్కువి, నలభై ఏళ్ళుగా చూస్తూ ఊరుకున్నావు."