మగ్గం గుంత మీది గచ్చు

పుత్తూరులో ఈ పాత ఇల్లు కొన్నది నా మాట మీదే. నగరిలో సొంత ఇల్లు అమ్ముకొని నాలుగేళ్లు బాడుగ ఇంట్లో ఉన్నాక, కొడుకు రేణిగుంటలో గోడౌను పనికి పోయి వచ్చేందుకు దగ్గరవుతుందని ఇక్కడికి వచ్చాం. కోడలికి కొత్త ఇంటి మీద మనసు. నేను ఒప్పుకోలేదు. పాత గోడలు చల్లగా ఉంటాయన్నాను.

కొనేముందు నేనే గోడలు తట్టాను, దూలాలు చూశాను, కుళాయిలన్నీ తిప్పాను. వెనక గదిలో కిటికీ కింద వడ్ల బస్తాలు పేర్చి ఉన్నాయి. జరపమని అడగలేదు. ఆ గది తలుపు అడుగున రెండు వేళ్ల వెడల్పు చెక్క కోసేసి ఉంది. చెద తిన్నంత మేర కోయించి అదే తలుపు వాడుకుంటున్నారనుకున్నాను. పొదుపు తెలిసిన మనుషులని మెచ్చుకున్నాను కూడా.

ఇల్లు అమ్మిన ముసలాయన బస్తాలు తీసుకుపోయాక అక్కడ సిమెంటు గచ్చు పళ్లెం బోర్లించినట్టు లేచి ఉంది. నడుమ ఒక నెర్రె. వానలు పట్టాక ఇంకా లేచి, చుట్టూ సన్నటి నెర్రెలు విచ్చాయి. కోసిన తలుపు కూడా నేలను గీరుకుంటూ తెరుచుకునేది.

పక్కింటామె వచ్చి చూసి చెంపలు వేసుకుంది. "లోపల పుట్ట లేస్తాండాది. స్వామి ఉండే తావులో మంచం ఏసుకుంటారా?" అంది. కోడలు భయపడి ఆ శుక్రవారమే నెర్రె మీద పసుపు చల్లి పాలు పోసింది. కొడుకు నా ముఖం కూడా చూడకుండా అన్నాడు: "అమా, నీ మాట ఇని కొన్న్యాను. ఇంగ సాలు. వచ్చినకాడికి అమ్మేసి బాడిగింటికే పోదాం."

"పుట్టైతే చెదలుండాల గదరా. ఒక్కటి సూపీ, నేనే మూట సర్దుతా. నాకు నాలుగు దినాలియ్యి" అన్నాను.

రోకలితో గది అంతా తట్టాను. అన్నిచోట్లా ఖంగుమంది, ఉబ్బిన చోట మాత్రం దబ్బుమంది. సాయంత్రం ఉబ్బు మీద ఒక స్టీలు పళ్లెం, ముందు గదిలో ఒకటి బోర్లించాను. పొద్దున్నే తీసి చూస్తే ముందు గది పళ్లెం పొడిగా ఉంది. ఉబ్బు మీది పళ్లెం అడుగున నీటి బొట్లు. గోడ అవతల అంట్లు తోమే తొట్టి ఉంది. దాని కాలువ పగిలి నీళ్లు గోడ కిందికి దిగుతున్నాయి.

తడి ఎక్కడిదో తెలిసింది. కానీ ఊరికే తడిస్తే గచ్చు లేవదు. సుద్దముక్క తీసుకొని నెర్రెల వెంబడి గీత గీశాను. ఉబ్బు గుండ్రంగా కనిపించింది కానీ నెర్రెలు పలక ఆకారంలో ఉన్నాయి. నాలుగు మూలలు, సరిగ్గా కిటికీ కింద. మనిషి కూర్చుంటే నూలు పోగు మీద వెలుతురు పడే చోటు. నా కంటే ముందు నా మోకాళ్లకు తెలిసింది. పద్దెనిమిదేళ్లు అలాంటి గుంతలో కాళ్లు దించుకొని నేశాను. ఇది నేతగాళ్ల ఇల్లు. కింద మగ్గం గుంత ఉంది.

మేస్త్రిని పిలిపించి, గీత మేరకే పగలగొట్టమన్నాను.

"గది మొత్తం లేపేస్తే బాగుంటాది గదవ్వా" అన్నాడు.

"నీకు బాగుంటాది. గీత దాటినావంటే ఆ మేర గచ్చు నీ డబ్బుతోనే."

"నాకే పని నేర్పిస్తాండావే" అని నవ్వుతూ గునపం ఎత్తాడు.

గచ్చు కింద నల్లటి మట్టి, పిండిముద్దలా తడిసి ఉంది. మేస్త్రి వేళ్లతో పిసికాడు. "చెరువు మట్టి అవ్వా ఇది. ఎండితే రాయి, తడిస్తే ఉబ్బుతాది. గుంతలో ఇసుక పోయాల గానీ ఎవురన్నా దీన్ని పోస్తారా? ఏ పిసినారి మొకమో!"

ఆ మట్టిలోంచి నూలు చుట్టే కండె ఒకటి బయటపడింది. నూలు కుళ్లిపోయి పుల్ల మిగిలింది. మగ్గం గుంత మూసేటప్పుడు పసుపు రాసిన నూలు కండె ఒకటి వేసి మూయడం మా నేత ఇళ్లలో పద్ధతి.

"అయితే స్వామి లేడా అత్తా?" అని కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. కొడుకు మాత్రం చొక్కా తొడుక్కున్నాడు. "తెలిసే బస్తాలు పెట్టి మూసినాడు ముసలోడు. రా మా, పోయి అడుగుదాం."

"సూసుకొనే గదా కొన్న్యాము. ఏమని అడుగుతావు?"

"నువ్వేనా మాట్లాడేది?" అని నన్ను వింతగా చూశాడు.

వాడికి తెలియదు. నగరి ఇంట్లో నా మగ్గం గుంత కూడా అలాగే పూడింది. మరమగ్గాలు తెచ్చినప్పుడు మా ఆయన ఇసుక తోలిస్తానన్నాడు. చెరువులో పూడిక తీసి ట్రాక్టర్లతో ఊరికే పోస్తుంటే ఇసుకకు డబ్బులు తగలేస్తావా అని నేనే అడ్డం పడ్డాను. కండె నా చేతులతోనే వేశాను. మేమున్నన్నాళ్లు ఆ గది ఎండుగా ఉంది, ఏమీ కాలేదు. కొన్నవాళ్లు ఆ గోడకే ఆనించి నీళ్ల గది కట్టుకున్నారు. అమ్మిన ఏడాదికి ఆ ఇంటామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "పెద్దమ్మా, గచ్చు లేస్తాండాది. కింద ఏమన్నా పూడ్చినారా?" అని అడిగింది. అంతే అడిగింది. డబ్బు వెనక్కి అడుగుతుందేమోనని గడప లోపలికి కూడా రానివ్వలేదు. "మేమున్నప్పుడు లేవని నేల మీరొస్తే లేసిందా? మీ కాలి మహిమ సూసుకోండి" అన్నాను. ఆమె కళ్లనీళ్లతో పోయింది.

మా గుంత తవ్వి ఇసుక పోసి గచ్చు వేయించాం. తొట్టి పెరటి చివరికి మార్పించాను. ఇల్లు నిలిచింది. కొడుకు ఇప్పుడు అందరికీ మా అమ్మే కనిపెట్టిందని చెప్పుకుంటాడు. వాడు చెప్పినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి పోతాను.

గచ్చు వేయించిన వారానికి నేను నగరి బస్సెక్కాను. మా ఇల్లు కొన్నామె తిన్నె మీద పూలు కడుతోంది. గుర్తుపట్టింది, కూర్చోమనలేదు.

"ఆ గదిలో మగ్గం గుంత ఉండె. చెరువు మట్టి పోసినాము. అది తీసేసి ఇసుక పోయించు తల్లీ, సరిపోతాది."

ఆమె పూలు పక్కన పెట్టింది. "ఇప్పుడా చెప్పేది? అది పుట్టన్నారు. దినామూ పాలు పోస్తాండాము. ఊళ్లోవాళ్లు వచ్చి మొక్కుకొని పోతాండారు. ఇంగ గునపం ఎయ్యమంటే ఎవురేస్తారు పెద్దమ్మా? అయిదుగురం ముందర గదిలోనే పడుకుంటాండాము."

ఆమె భుజం మీదుగా చూశాను. నా గది తలుపు అడుగున మూడు వేళ్ల మేర కోసి ఉంది. ఆ సందులోంచి దీపం వెలుగు కనిపిస్తోంది.

వచ్చిన మనిషిని ఊరికే పంపకూడదని కాబోలు, లోపలికి పోయి నెర్రెలోంచి చిటికెడు పుట్టమన్ను తెచ్చి నా అరచేతిలో పెట్టింది. "చెవులకు పెట్టుకో, మంచిది" అంది.

వేళ్ల నడుమ నలిపాను. నల్లగా, జిగటగా ఉంది. డబ్బు పెట్టకుండా నేను తోలించిన మట్టే.